మిట్టమధ్యాహ్నం వెలిగిన దీపాలు

రెజైనాలో మేం తెలుగు స్టూడెంట్లందరం బేస్‌మెంట్లలో ఇరుక్కుని బతుకుతున్న రోజులవి. దయ్యాలకు భయపడే తీరిక లేదనుకునేవాణ్ణి; అసైన్‌మెంట్లూ, పార్ట్‌టైమ్ షిఫ్టులూ, చలీ ఆ భయం తీర్చేసేవి. నేను చేస్తున్నది మైక్రోగ్రిడ్ ప్రాజెక్టు, అంటే ఒక్క చోటికి సరిపడా సొంత కరెంటు ఏర్పాటు. ఊరి బయట పొలంలో ఒక షెడ్డు. దానికి సోలార్ ప్యానెళ్లు, చిన్న గాలిమర, బ్యాటరీలు, డీజిల్ జనరేటర్. ఏ వేళ దేన్ని వాడాలో నేను రాసిన ప్రోగ్రామే నిర్ణయించాలి. తాను చూడ్డానికొచ్చే మధ్యాహ్నం అది సరిగ్గా నడవకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తానని ప్రొఫెసర్ ముందే చెప్పేశారు.

ఆ రోజు ఆయనకంటే ముందే నేనూ, ల్యాబ్‌లో నా సీనియర్ గుంటూరు అక్కా అక్కడికి చేరాం. ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. గాలి లేదు, పిట్ట కూడా లేదు. రాత్రి పల్చగా కురిసిన మంచు మీద అడుగుజాడ ఒక్కటీ లేదు. అయినా షెడ్డు దీపాలన్నీ వెలుగుతున్నాయి, లోపల జనరేటర్ నడుస్తోంది. ఆపాను. వెనక్కి తిరిగేలోపు మళ్లీ వెలిగాయి, జనరేటర్ మళ్లీ అందుకుంది.

"అక్కా, నేనేం ముట్టలే. అదే ఆన్ అయితాంది."

"వైరింగ్ చూడు ముందు," అంది అక్క. (అంటూనే గుమ్మం అవతలికి జరిగింది, నేను చూశాను.)

వైరింగ్ బాగానే ఉంది. ఇక కప్పు మీద చూద్దామని, నోటికొచ్చిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ నిచ్చెన ఎక్కాను. అక్కడ ఎండను కొలిచే గాజు బుడిపె నిండా ఎర్రటి మరక, దాని మీద బొటనవేలి ముద్ర.

"అక్కా, నెత్తురు..."

"నెత్తురేంట్రా, కుంకుమ. నిన్న ఆయుధపూజ కదా, అన్నిటికీ గంధం రాసి బొట్టు పెట్టా. ఎత్తులో ఉన్నదానికి రెండు పూతలు ఎక్కువే పెట్టా."

పాపం, ఆ గంధం చలికి బిగుసుకుపోయింది. బుడిపెకు ఎండ అందక నా ప్రోగ్రామ్ చీకటి పడిందనుకుని రాత్రి పనులన్నీ చేసేస్తోంది. అక్క పైకెక్కి చున్నీతో రుద్దుతుండగానే ప్రొఫెసర్ ట్రక్కు వచ్చి ఆగింది. ప్రాజెక్టు పోయిందనుకున్నాను.

ఆయన సంగతంతా విని, నవ్వకుండా నిచ్చెన ఎక్కి, తుడిచిన గాజు మీద తన గ్లవ్ కప్పారు. పట్టపగలు దీపాలు వెలిగాయి. "ఇంత ఎండలో ప్యానెళ్ల నుంచి కరెంటు వస్తూనే ఉంది. పగలో రాత్రో నీ ప్రోగ్రామ్ దాన్నెందుకు అడగలేదు? అడిగేలా మళ్లీ రాయి. నువ్వే రాయాలి," అన్నారు.

ఇప్పుడు మార్కమ్ ఊళ్లో ఒక ఆఫీసులో నా ఉద్యోగం అదే, యంత్రాలకు అనుమానం నేర్పడం. పని మధ్యలో ఆ నిచ్చెన మీది కుర్రాడు గుర్తొస్తే ముద్దొస్తాడు. ఒక్కసారి ఆ ఎండనే అడిగి చూద్దామని వాడి ప్రోగ్రామ్‌కే కాదు, వాడికీ తోచలేదు.