మైలుతుత్తం కలపని జిగురు

క్రిస్మస్‌కు ముందు శనివారం మా మందిరం వెనక గదిలో మైదా జిగురు ఉడుకుతుంటే ఆ వాసన వసారా దాకా వచ్చింది. వెదురు బద్దలతో నక్షత్రాలు కట్టి రంగు కాగితాలు అంటించే పని మా యువజనులది. గుమ్మంలో నిలబడి, "మైలుతుత్తం కలిపిన్రా?" అని అడిగాను. ఒకమ్మాయి నవ్వింది. "పది దినాలల్ల తీసి పారేసే చుక్కకు మైలుతుత్తం ఎందుకు అమ్మమ్మా?" అంది. ఆమె అన్నది సబబే. పురుగు పట్టకుండా ఉండాలని జిగురులో ఆ నీలి రాయి పొడి కలిపేది పుస్తకాలు కుట్టేవాళ్లు. నక్షత్రానికి దాని అవసరం లేదు. అయినా ఆ వాసన దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేను. పచ్చి పిండి చిక్కబడి కమ్మగా మారే సమయానికి నాకు యాకోబు సారు గుర్తొస్తారు, నేను చేసిన పని గుర్తొస్తుంది. ఆ రెండూ ఎన్నడూ విడివిడిగా గుర్తు రావు.

యాకోబు సారు జహీరాబాదులో మా మిషన్ బడికి డ్రాయింగు మాస్టరు. డెబ్బైల చివరి సంగతి ఇది. నేను అదే బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. ఝరాసంగం వైపు పల్లెలకు సువార్తకు వెళ్లినప్పుడు బట్ట మీద వేసిన బొమ్మలు చూపిస్తూ కథ చెప్పాలని నా కోరిక. నేర్పమని సారును అడిగితే, "నేర్పుత గానీ ముందు చూసుడు నేర్చుకోవాలె శాంతా. గీసుడు తర్వాత" అన్నారు.

చూడటానికి ఆయన దగ్గర మూడు పుస్తకాలు ఉండేవి. బడి నడిపిన దొరసానమ్మ తన దేశానికి తిరిగి వెళుతూ సంఘానికి వదిలివెళ్లినవి. మూడూ విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండులో బొమ్మలు వేసినవాళ్ల గురించే. ఒకటి చిత్రకారుల జీవితాలు, అక్షర క్రమంలో. రెండోది వాళ్లు రంగులు ఎలా కలిపేవారో చెప్పేది. మూడోది బొమ్మల పుస్తకం. మందమైన పుటలు, ప్రతి బొమ్మ మీదా ఉల్లిపొర లాంటి పల్చటి కాగితం. అవి మందిరం పక్క గదిలో చెక్క బీరువాలో ఉండేవి. సారు చేతులు కడుక్కుని, రుమాలుతో తడి లేకుండా తుడుచుకున్నాకే బీరువా తలుపు తీసేవారు.

బడి విడిచాక ఆ గదిలో నాకు పాఠం. ఆయన ఉల్లిపొర కాగితం మీద అరచెయ్యి ఆనించి బొమ్మ కనబడకుండా చేసి, పక్క పుటలోని ఇంగ్లీషు నాచేత చదివించేవారు. "ముందు రాత, తర్వాత బొమ్మ. ఎవరు, ఏడ, ఎందుకు ఏడుస్తున్నరో తెల్వకుండ మొకం జూస్తే ఏం తెలుస్తది?" అనేవారు. చదివింది నేను తెలుగులో సరిగా చెప్పగలిగితేనే చెయ్యి తీసేవారు. ఒక్కోసారి ఒక బొమ్మ చూడటానికి మూడు సాయంత్రాలు పట్టేది. చాలా బొమ్మలు నలుపు తెలుపువి. సారు రంగుల పుస్తకం తిరగేసి ఆ చిత్రకారుడు ఏ ఎరుపు వాడేవాడో వెతికి, "ఇగో, ఈ పైట ఎర్రది. ఇప్పుడు జూడు" అనేవారు. నిజంగానే ఎర్రగా కనిపించేది.

"అసలు బొమ్మ ఒక్కటన్న చూడకుండనే ఇంత గట్టిగ ఎట్ల చెప్తున్నరు సారు?" అని ఒకరోజు అడిగాను.

"నువ్వు పరలోకం జూసొచ్చినవా? ఆదివారం ఆదివారం పిల్లలకు చెప్తున్నవ్ గద" అన్నారు.

నవ్వాను. ఇంటికి వెళ్లాక ఆ నవ్వుకు భయపడి, ఆయన కోసం ప్రార్థన చేశాను. అప్పటి నా భక్తి అలాంటిది.

ఆ పుస్తకాల చివర, ఇంకా తెలుసుకోగోరేవారు చూడవలసిన గ్రంథాల పేర్లు చిన్న అక్షరాల్లో ఉండేవి. ఈ మూడింటి కింద, వాటిలోంచి ఏరిన నాలుగు పేర్లు చేర్చి సారు నాకొక జాబితా రాసి ఇచ్చారు. ఏడు పుస్తకాలు. ఒక గడిలో పేరు, ఒక గడిలో అది దేనికి పనికొస్తుందో, చివరి గడిలో మూడింటికి మాత్రం ఎర్ర సిరాతో "ఉంది" అని. మిగిలిన నాలుగింటికీ ఆ గడి ఖాళీ. "లేదు అని రాయరా సారు?" అంటే, "లేదని ఎట్ల రాస్త? నా దగ్గర లేదు గానీ దునియల ఉన్నది గద" అన్నారు. ఎన్నడూ చూడని పుస్తకాలను అంత నమ్మకంగా చూడమని చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మా సంఘ పెద్ద బాలస్వామి గారు ఒకనాడు ఆ గదిలోకి వచ్చి, బల్ల మీద ఉన్న బొమ్మల పుస్తకం తిరగేశారు. ఆ వారమే కమిటీ కూర్చుంది. మంత్రసానులు, రైతులు, బడి పంతుళ్లు ఉన్న చిన్న కమిటీ. మాట మాత్రం ఎప్పుడూ ఆయనదే.

"ప్రభువు మందిరం పక్కన బట్టల్లేని ఆడోల్ల బొమ్మలేంది సారు?" అన్నారాయన.

"బట్టలేసుకున్నోల్లు గూడ మస్తుమంది ఉన్నరు అండ్ల. నీ కన్ను వీల్ల మీదనే ఎట్ల వడ్డది పెద్దయ్యా?" అన్నారు సారు.

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వును బాలస్వామి గారు మర్చిపోలేదు. నెల తిరిగేలోపు ఆ పుస్తకాలను పొయ్యిలో వేయాలని తీర్మానం చేయించారు. కొనుక్కుంటానని సారు అడిగితే, పాపాన్ని అమ్ముకునే సంఘం తమది కాదన్నారు. "పోనీ, ఆ బొమ్మలు మూసేస్తే ఉండనిస్తరా?" అని నేను అడిగాను. బాలస్వామి గారు సరేనన్నారు. సారు మాత్రం, "ఒక్క బొమ్మ మీద కూడ కాగితం పడదు" అని లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వారంలో సారు చెల్లెలికి జబ్బు చేసిందని రాయికోడ్ వెళ్లారు. గడువు దగ్గరపడింది. పుస్తకాలను కాపాడాలనుకున్నాను. ఈ మాట నిజం, దేవుడికి తెలుసు. సంఘం కళ్లను కూడా కాపాడాలనుకున్నాను, అదీ నిజం. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం తెచ్చాను. మైదా జిగురు ఉడికించాను. మోకరించి ప్రార్థన చేసి మొదలుపెట్టాను. తొమ్మిది బొమ్మలు. ఎక్కడ భుజం కనిపించినా, వీపు కనిపించినా కాగితం అంటించాను. ఉల్లిపొర కాగితాలు అడ్డొస్తుంటే చింపేశాను. ఆ తొమ్మిదిలో ఎక్కువ భాగం మా పాఠం ఇంకా చేరుకోని పుటలు. పక్కనున్న రాత ఒక్కటీ చదవలేదు.

సారు తిరిగొచ్చి పుస్తకం తెరిచారు. కేకలేస్తారనుకున్నాను. వేలితో కాగితం అంచు తడిమి, వాసన చూశారు.

"ఎవరు జేసిన్రు?"

"నేనే సారు. లేకుంటే కాలబెడుతుండిరి."

"జిగురుల మైలుతుత్తం కలిపినవా?"

"లేదు సారు. మైదా, నీళ్లు. గంతే."

"అయితే చెదలకు బువ్వ వెట్టినవ్ తల్లీ" అన్నారు. తర్వాత ఒక పుట దగ్గర ఆగారు. "ఈ కాగితం కింద ఉన్న పిల్ల ఎవరో ఎర్కేనా?"

తెలియదన్నాను.

"చదవకుంటనే మూసినవ్" అన్నారు. ఎవరో మీరే చెప్పండని అడిగాను. "నేను చెప్ప. నువ్వే చదువుకో ఎప్పుడన్న."

ఆ ఆదివారం బాలస్వామి గారు నన్ను సంఘం ముందు నిలబెట్టి, ఈ బిడ్డ లాంటి రోషం అందరికీ ఉండాలన్నారు. చప్పట్లు కొట్టారు. సారు వెనక వరసలో కూర్చుని తన చేతుల కేసి చూసుకుంటున్నారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. ఈ వాక్యం రాసి రెండుసార్లు కొట్టేశాను, కాని బాగున్నాయి.

సారు తడి దూదితో ఒక కాగితం ఊడదీయబోతే బొమ్మ తోలు కూడా దానితో లేచొచ్చింది. అక్కడితో మానేశారు. బాలస్వామి గారు నన్ను అడిగారు, సారు పుస్తకాలు ముడుతున్నారా అని. అబద్ధం ఆడకూడదని నేర్చుకున్నదాన్ని, జరిగింది చెప్పాను. ఆయన తడి ఆరని పుస్తకంతో సహా బీరువాకు తాళం వేయించి, తాళంచెవి ఇంటికి తీసుకెళ్లారు. సారు తాళం తీయమని అడిగినప్పుడల్లా, కోతల పండుగ కానియ్యమన్నారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పండుగకు గది శుభ్రం చేయడానికి బీరువా తెరిస్తే మూడు పుస్తకాల చోట మట్టి పుట్ట ఉంది. చెదలు జిగురుతో మొదలుపెట్టి అన్నీ తినేశాయి.

"మనం చెయ్యి వెట్టకుండనే ప్రభువు తీసేసిండు" అన్నారు బాలస్వామి గారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అన్నారు. నా నోట్లోంచి కూడా అలవాటుగా ఆ మాట వచ్చేసింది. సారు అక్కడే ఉన్నారు. విన్నారు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, క్షమించమని ఏడ్చాను.

"దేవుడు క్షమిస్తడు బిడ్డా. ఆయనకు పుస్తకాలు మస్తుగున్నయి. నాకు మూడే ఉండె" అన్నారు.

నా జాబితా తెమ్మన్నారు. ఎర్ర సిరా కలంతో, పరీక్ష పేపరు దిద్దినట్టే, "ఉంది" అనే మాటను మూడు చోట్ల కొట్టేసి తిరిగి ఇచ్చారు. "దాచుకో. విక్టోరియా కాలం బొమ్మల గురించి ఎవరన్న అడిగితే ఏం చదవాల్నో చెప్పు." ఆయన నాకు చెప్పిన చివరి పాఠం అదే. ఉద్యోగం ముగిశాక రాయికోడ్‌లో చెల్లెలి దగ్గరే ఉన్నారు. రెండుసార్లు వెళ్లాను. చాయ ఇచ్చారు, వానల గురించి మాట్లాడారు, బొమ్మల మాట ఎత్తలేదు. ఆయన సమాధి కార్యక్రమంలో బాలస్వామి గారు ప్రార్థన చేశారు; సారు పెద్ద విశ్వాసి అన్నారు.

ఎనభైల మధ్యలో శిక్షణ కోసం హైదరాబాదులో ఉన్నప్పుడు ఒక పెద్ద గ్రంథాలయంలో జాబితా చూపించాను. నాలుగో పుస్తకం దొరికింది, సారు ఎన్నడూ చూడనిది. రంగుల బొమ్మలు. తిప్పుతూ పోతే ఒక చోట, సారు ఎవరని అడిగిన ఆ పిల్లది, నేను కాగితం అంటించిన భుజం కనిపించింది. వెంటనే అరచెయ్యి అడ్డం పెట్టి, ముందు రాత చదివాను. ఆ పిల్ల తొలి క్రైస్తవుల కాలపు విశ్వాసురాలు. రాజు విగ్రహం ముందు చిటికెడు ధూపం వేయమంటే వేయలేదు. నలుగురిలో సిగ్గుపడి లొంగుతుందని సైనికులు ఆమె బట్టలు లాగేసి వీధి వెంట చంపడానికి తీసుకెళుతున్నారు. చెయ్యి తీశాను. జనం తల తిప్పుకుని ఉన్నారు. ఒక ముసలమ్మ మాత్రం తన ఎర్ర శాలువా విప్పి, ఆ పిల్ల మీద కప్పడానికి పరుగెత్తుకొస్తోంది. నా ఖాకీ కాగితం ఆ ముసలమ్మను కూడా మూసేసింది.

దేవుడు నన్ను క్షమించాడని నమ్ముతాను. సారు క్షమించలేదని నాకు తెలుసు. మా సంఘంలో అందరూ మొదటి మాట చెప్పి ఊరడిస్తారు. రెండోది చెప్పిన మనిషి ఆయనొక్కరే. ఇప్పుడు కమిటీలో నేనూ ఒక పెద్దను. ఏదైనా మూసేయాలని ఎవరైనా లేస్తే, పక్కనున్నది చదివారా అని అడుగుతాను. విసుక్కుంటారు. జాబితా నా వాక్య గ్రంథంలో ఉంది. అడిగినవాళ్లకు ఏడు పేర్లూ చదివి చెబుతాను. నాలుగో పేరు దగ్గర చివరి గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అది ఉందని నేను కళ్లారా చూశాను. కానీ ఆ గడిలో రాయాల్సింది సారు.