మేకుల రాత నేర్పిన సుభద్ర టీచర్

సముద్రం వెనక్కి తీసే పాటు నీళ్ళప్పుడు మా ఊరు బాంబూఫ్లాట్ జెట్టీలో దిగితే మడచెట్ల కింది బురద వాసన ముక్కుకు తగులుతుంది. ఉప్పూ, కుళ్ళిన ఆకూ, చల్లటి మట్టీ కలిసిన వాసన. ఫెర్రీలో నాతో వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని గబగబా నడిచిపోతారు. నేను కాసేపు అక్కడే నిలబడతాను. అమ్మను చూడడానికి పోయిన నెల నేను పనిచేసే మాయాబందర్ నుంచి వచ్చినప్పుడూ అలాగే నిలబడ్డాను. ఆ వాసనతో నాకు మా సుభద్ర టీచర్ గుర్తొస్తారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాళ్ళ దాకా బురదతో, మా తరగతి పిల్లలందరినీ నవ్విస్తూ ఆవిడ కనిపిస్తారు.

మావాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి సముద్రం నడుమ ఉన్న ఈ దీవుల్లో ఉండిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలోనూ వీధిలోనూ హిందీ. నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది, విశాఖ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా పెద్దత్త ఒక వారపత్రిక చేతికిచ్చి చదివి వినిపించమంది. నేను బొమ్మలు చూస్తూ ఉండిపోయాను. "ఏటే పైడీ, తెలుగోల పిల్లవై ఉండి అచ్చరం ముక్క రాదేటే?" అని నలుగురిలో నవ్వింది. బడిలో నా హిందీ కూడా అంతంతమాత్రమే. బస్తీలో చెల్లిపోయే 'మేరా కితాబ్' పరీక్ష కాగితం మీదికొచ్చేసరికి, 'మేరీ' అనాలంటూ ఎర్రగీత కిందికి పోయేది. ఏ భాషా నాది కాదనిపించింది. ఆ ఏడాది గడిస్తే బడి మానేసి, అమ్మతో కలిసి చేపలు ఎండబెట్టుకుంటానని ఇంట్లో చెప్పేశాను. ఎవరూ గట్టిగా కాదనలేదు.

సుభద్ర టీచర్ మాకు చరిత్ర చెప్పేవారు. ఆవిడ కూడా దీవుల్లో పుట్టిన తెలుగు మనిషే. పొట్టిగా, గట్టి గొంతుతో ఉండేవారు. పుస్తకంలో 'కీలాక్షర్ లిపి' అన్న పాఠం వచ్చిన రోజు పుస్తకం మూయించి మమ్మల్ని ఉప్పునీటి పాయ, క్రీక్ ఒడ్డుకు నడిపించారు. తలా ఒక ముద్ద బంకమట్టి తీయించి, అరచేతితో అప్పచ్చిలా నొక్కమన్నారు. ఏటవాలుగా కోసిన వెదురు పుల్లలు పంచి, "దీనిమీద చేప బొమ్మ గీయండి చూద్దాం" అన్నారు. గీస్తే తడిమట్టి పుల్ల వెంట లేచి, గీత చెదిరిపోయింది. "గీయకండి. మూల ఆనించి నొక్కి తీసేయండి" అన్నారు. నొక్కితే నున్నగా, తలా తోకా ఉన్న చిన్న మేకు పడింది.

"దేఖా, చూశారా? కీల్ అంటే మేకు. అయిదు వేల ఏళ్ళ కిందట సుమేరు దేశం వాళ్ళు మొదట్లో బొమ్మలే గీసేవారు. గుడి కొట్లోకి ఎన్ని బస్తాల బార్లీ వచ్చింది, ఎవరి గొర్రెలు ఎన్ని, అది గుర్తుంచుకోవడానికే. ఊళ్ళు పెద్దవైతే నోటిమాట చాలదు కదా. రాస్తూ రాస్తూ బొమ్మలు మేకులైపోయాయి. తరవాత ఆ మేకులే శబ్దాలకు గుర్తులయ్యాయి. శబ్దం దొరికాక ఇంకేముంది? చట్టాలు రాశారు, కథలు రాశారు, దేవుళ్ళకు మొరలు పెట్టుకున్నారు. బడిపిల్లలు తప్పులతో రాసిన పలకలు కూడా ఇప్పటికీ ఉన్నాయి" అన్నారు.

మా తరగతిలో రఫీక్ అని ఒకడుండేవాడు. "మేడమ్, వాళ్ళందరిదీ ఒకే భాషా?" అని అడిగాడు.

"అచ్ఛా సవాల్, మంచి ప్రశ్న! కాదు. సుమేరు వాళ్ళది ఒక భాష. పక్కన అక్కాద్ వాళ్ళది దానికి పొంతన లేని ఇంకో భాష. అయినా ఆ మేకులతోనే తమ మాట రాసుకున్నారు. ఆ తరవాత ఇంకా దూరంవాళ్ళూ అదే పని చేశారు. లిపి పడవలాంటిది. ఎవరి సరుకైనా ఎక్కుతుంది" అని, నా వైపు తిరిగి తెలుగులో, "విన్నావా పైడీ?" అన్నారు.

విన్నాను. మర్నాటికి అందరం ఇంటి భాషలో నాలుగు మాటలు, వచ్చిన అక్షరాల్లో రాసుకురావాలన్నారు. మా నాయనమ్మ ఓడెక్కి దీవులకు వచ్చిన కథ నేను హిందీ అక్షరాల్లో తెలుగులో రాశాను. 'ళ' రాయాల్సిన చోట, మాకు నేర్పిన హిందీలో ఆ అక్షరం లేక తికమకపడ్డాను. తరగతిలో అరవం, బెంగాలీ, తెలుగు అన్నీ ఒకే లిపిలోంచి వినిపించాయి. నవ్వులు ఎక్కువై పెద్దసారు తొంగి చూసి, "సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది మేడమ్?" అన్నారు. "పాఠంలోనే ఉన్నాం సార్" అన్నారు టీచర్.

నేను బడి మానేస్తానన్న మాట ఎలా తెలిసిందో, ఆ ఆదివారం మా ఇంటికొచ్చారు. నాయనమ్మ వాకిట్లో వల బాగుచేస్తోంది. టీచర్ నాకేమీ బోధించలేదు. "నువ్వు రాసింది మీ నాయనమ్మకు వినిపించావా?" అన్నారు. చదివాను. ఓడలో వాంతులు, మొదటిసారి ఒడ్డు కనబడినప్పటి ఏడుపు, అన్నీ నాయనమ్మ మాటల్లోనే. ఆవిడ చేతిలో వల ఆగిపోయింది.

"ఓలమ్మో! ఇయి నా మాటలే! కాయితం మీద నానున్నానేటే?" అంది. అమ్మను కేకేసి పిలిచి, "దీన్ని మానిపించకండి" అంది. నా చదువు గురించి మా ఇంట్లో అంత గట్టిగా మాట్లాడిన మనిషి ఆవిడే.

తరవాత టీచర్ వాళ్ళ వసారాలో కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. 'ళ' దిద్దిన రోజు ఎంత సంతోషమో! ఆ అక్షరాల్లోనే ఇప్పుడిది రాస్తున్నాను.

మాయాబందర్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొన్నేళ్ళకు, రిటైరై అక్కడే తమ్ముడి ఇంట్లో ఉంటున్న టీచర్ బీపీ చూపించుకోవడానికి వచ్చారు. వరసలో ఆవిడ ముందున్న ముసలమ్మకు మందుల చీటీ రాసిస్తున్నాను. మాట తెలుగు, అక్షరం హిందీ. ముసలమ్మకు చదువు రాదు, మనవరాలికి తెలుగు అక్షరాలు రావు. ఆ పిల్ల "పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి" అని పైకి చదివితే ముసలమ్మ తలూపింది. టీచర్ నా భుజం మీద చెయ్యి వేసి, "బాగుందే నీ సుమేరు ఆసుపత్రి" అని పకపకా నవ్వారు. పోయినేడు వర్షాల్లో ఆవిడ నిద్రలోనే పోయారు. ఆ నవ్వు విన్నదాన్ని కాబట్టి నాకు పెద్ద లోటనిపించదు.

మందులు తీసుకోవడానికి వచ్చినవాళ్ళను చదువొచ్చా అని నేను అడగను. నిన్న ఒక పెద్దాయన మందుల కిటికీ దగ్గర చీటీ పట్టుకుని తటపటాయిస్తుంటే, "తాతా, మీ ఇంట్లోవాళ్ళకు ఏ అక్షరాలొచ్చు?" అన్నాను. ఆయన "కోడలికి బెంగాలీ వచ్చమ్మా" అన్నాడు. పక్క వార్డులోని బెంగాలీ సిస్టర్ని పిలిచాను. నేను తెలుగులో ఒక్కో మాటా చెబుతుంటే, ఆమె తన అక్షరాల్లో రాసింది.