అత్తమ్మ చెప్పిన తీపినీళ్ల బావి

ఈ రోజు నెల్లికుదురు దగ్గరి మా ఊరికి యూనివర్సిటీ నుంచి ముగ్గురు కలిసి వచ్చారు. ఫ్లోరైడ్ నీళ్లతో మచ్చలు పడ్డ మా మనవరాలి పళ్లను డాక్టరు చూశాడు. భూగర్భ జలాల మేడం మంచినీళ్ల జాడ వెతికింది. సాయుధ పోరాటం నాడు దళం తుపాకులు దాచితే ఊరివాళ్లే పూడ్చిన తీపినీళ్ల బావి గురించి చరిత్ర సారు అడిగాడు.

"మా అత్తమ్మ రోజూ చెప్పేది సారూ."

"ఎక్కడని చెప్పేదక్కా?"

"నేను ఇనలే. జర ఆగు అత్తమ్మా, జపం చేసుకుంటున్న అనేదాన్ని."

అత్తమ్మ పోయి ఏడాదైంది. వాళ్లు మూడు చదువులు కలిపి తెచ్చారు. నాలుగోది అన్నాళ్లూ నా జపమాల పక్కనే కూర్చుంది.

సాయంత్రం మనవరాలు మళ్లీ బోరు నీళ్లే తాగింది. ఆ బావి గురించి మీ పెద్దలు చెప్పగా ఎవరైనా విని ఉంటే రాయండి. నాలాగా జపం చేయనివాళ్లకే తెలిసి ఉంటుంది.