మంటకు ముందు నాలుగు చరణాలు

మా బాయిలర్ మేస్త్రి పోయాడని మెట్టుగూడ నుంచి కబురు వచ్చినప్పుడు నేను బోయిగూడ హోటల్లో చాయ్ తాగుతున్నాను. కబురు తెచ్చినవాడు చెప్పగానే పక్క బల్లవాళ్లు నా వైపు అనుమానంగా చూశారు. బతికున్నవాళ్ల మీద చావు పుకార్లు పుట్టించిన ఘనత నాకుంది మరి. ఈసారి పుకారు కాదు. మీసం వంచని మనిషి నిజంగానే పోయాడు.

మేస్త్రిది గుంటూరు వైపు. మా సికింద్రాబాదు బట్టల మిల్లులో బాయిలర్ కింద నూనెతో మండే బర్నర్‌ను ఆయన ఏలాడు. పని చేశాడంటే ఆయనకే కోపం వస్తుంది. అంత బొగ్గుమసి రంగు గదిలోకి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చేవాడు. అదేమని అడిగితే, "చొక్కా నల్లబడిందంటే మంటకి జబ్బు చేసినట్టురా, నీకేం తెలుసు" అనేవాడు.

మంట జబ్బులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పొగగొట్టంలోంచి నల్లపొగ వస్తే గాలి చాలనట్టు. తెల్లపొగ వస్తే గాలి మరీ ఎక్కువైనట్టు. నిప్పురవ్వలు చిమ్మితే నూనె సరిగా వేడెక్కలేదు, లేదా బర్నర్ ముక్కు పూడుకుపోయింది. "కళ్లతో కాదు, చెవులతో చూడు" అనేవాడు. నేను చెవి ఆనించి, "మేస్త్రీ, ఇయ్యాల నీ ఇంట్ల కూర మాడిందంటున్నది" అంటే స్పానర్ విసిరేవాడు. ఒక్కసారీ తగల్లేదు. గురి తప్పి మాత్రం కాదు.

మంట ఆరిపోతే వెంటనే అంటించేవాడు కాదు. నూనె కట్టేసి, ఫ్యాను తిప్పి, చర్చిలో పాడే కీర్తన ఒకటి ఎత్తుకునేవాడు. నాలుగు చరణాలు. ఆ గొంతు వింటే దేవుడు కూడా ఆదివారం సెలవు పెడతాడు. మేమంతా అది భక్తే అనుకున్నాం.

పోలీసు చర్య అయిన కొత్త. రజాకార్ల గొడవల్లో నూనె రాక మిల్లు నెలల తరబడి మూతపడి ఉంది. మళ్లీ నూనె వచ్చిన రోజు, మిల్లు యజమాని సేటు పొద్దున్నే గేటు దగ్గర అందరికీ చెప్పాడు: "ఇయ్యాల ఆవిరి లేస్తే మిల్లు షురూ. లేకుంటే తాళమేసి బొంబాయి పోత." కూలీలు పిల్లలను చంకనేసుకుని గేటు బయటే నిలబడ్డారు.

మంట అంటుకుంది, చిటపటలాడింది, ఆరిపోయింది.

"అంటియ్, మళ్ల అంటియ్!" అన్నాడు సేటు.

మేస్త్రి నూనె కట్టేసి, ఫ్యాను తిప్పి, మొదటి చరణం ఎత్తుకున్నాడు.

"ఈ పాటలేందయ్యా! బయట మంది పరేషాన్‌ల ఉన్నరు!" అంటూ సేటు మంట అంటించే కాగడా లాక్కుని బర్నర్ దగ్గరికి వెళ్లబోయాడు. మేస్త్రి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. పాట ఆపలేదు. అలా పట్టుకునే మిగతా చరణాలన్నీ ముగించి, అప్పుడు నోరు విప్పాడు.

"లోపల కాలని నూనె ఆవిరి నిండి ఉందండీ, సేటుగారూ. నిప్పు చూపిస్తే బాయిలర్‌తో పాటు మనమూ లేచిపోతాం. అదంతా గాలికి బయటికి పోవాలి. ఇక్కడ గడియారం లేదు. నాకు ఈ నాలుగు చరణాలే గడియారం."

సేటు కాగడాతో సహా గోడ దాకా వెనక్కి నడిచాడు. నా కాళ్లు అప్పటికే తలుపు దాకా వెళ్లాయి, కానీ వాటిని ఎవరూ చూడలేదు.

తర్వాత మేస్త్రి ట్యాంకు అడుగు కుళాయి విప్పాడు. నీళ్లు! వాడకుండా పడి ఉన్న ట్యాంకు అడుగున చేరిన నీళ్లు బర్నర్‌లోకి వచ్చి మంటను చంపుతున్నాయి. చిక్కటి నల్లనూనె కనబడేదాకా వదిలేశాడు. బర్నర్ ముక్కు తుడిచాడు. నూనెను మళ్లీ వేడెక్కించాడు. ఫ్యాను తిప్పి, మళ్లీ మొదటి చరణం నుంచి.

"మేస్త్రీ, సేటుకు సుత నేర్పియ్, ఇద్దరు పాడితే జెర జల్ది అయితది" అన్నాను. ఆయన రాగం వదలకుండానే నన్ను చూపుతో కాల్చాడు.

పాట ముగించి మేస్త్రి కాగడా చూపగానే మంట ధబ్‌మని అంటుకుంది. గది గోడలు గుండెల్లా మోగాయి. "ఇటు రారా" అని నన్ను పిలిచి, బాయిలర్ కంతలోంచి చూడమన్నాడు. చూశాను. కొసలు నారింజ, నడుమ కరిగిన బంగారం. ఇటుకలను తాకకుండా, ఎక్కడా తూలకుండా, దేని మీదా ఆనకుండా అంత మంట గాలిలో నిలబడి ఉంది. నా నోటికి ఒక్క వేళాకోళం రాలేదు.

ఆవిరి నిండి సైరన్ మోగింది. గేటు తెరిచారు, జనం అరుచుకుంటూ లోపలికి పరుగెత్తారు. మేస్త్రి మాత్రం వాళ్లకు ఎదురు నడిచి పెరట్లోకి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని తలెత్తి నిలబడ్డాడు. పొగగొట్టంలోంచి పొగే లేదు. దాని మూతి మీద ఆకాశం సన్నగా వణుకుతోంది, అంతే. ఆ వేడి మీద ఒక గద్ద, రెక్క ఆడించకుండా, చుట్టూ తిరుగుతూ పైకి, ఇంకా పైకి వెళుతోంది.