చెయ్యి అడ్డం పెట్టిన ఓట్లు

ఎన్నికల అధికారిగా ఉన్నవాళ్ళు ఎవరితోనూ మంచి అనిపించుకోలేరని నాకు ముందే తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. ఒక ప్రభుత్వరంగ కర్మాగారం పర్సనల్ విభాగంలో ఉద్యోగమంతా గడిపి, అక్కడి యూనియన్ ఎన్నికలెన్నో దగ్గరుండి జరిపించినదాన్ని. రిటైరయ్యాక కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు కమిటీ తగాదాలు వింటూ విసిగిపోతున్న రోజుల్లో, హైటెక్ సిటీ టవర్లలో పనిచేసే హౌస్‌కీపింగ్ వాళ్ళూ, ఎలక్ట్రీషియన్లూ, సెక్యూరిటీ గార్డులూ కలిసి పెట్టుకున్న యూనియన్ నుంచి కొందరు మా ఇంటికి వచ్చారు. "మీరు ఎవ్వరికి భయపడరంట గద మేడం. మా ఎలక్షను మీరే చెయ్యాలె," అన్నారు. పొగడ్తకు పడిపోయానా అంటే, పడిపోయాను.

వాళ్ళందరినీ ఒకచోటికి రప్పించి ఓటు వేయించడం కుదరని పని. ఒకరు డ్యూటీ దిగే వేళకు ఇంకొకరు ఎక్కుతారు. టవర్ల లోపల బూత్ పెట్టుకోనివ్వరు. అందుకని ఓట్లు పోస్టులో నడిపాం. ప్రతి సభ్యుడి ఇంటికీ ఒక బ్యాలెట్ కాగితం, ఒక చిన్న కవరు, మా చిరునామా రాసిన ఒక పెద్ద కవరు వెళతాయి. కాగితం మీద టిక్కు పెట్టి చిన్న కవర్లో పెట్టాలి. దాన్ని పెద్ద కవర్లో పెట్టి, ఆ పెద్ద కవరు మీద మాత్రమే సంతకమో వేలిముద్రో వెయ్యాలి. సంతకం చూసి ఓటరు మన సభ్యుడేనని తేల్చుకున్నాక చిన్న కవర్లు బయటికి తీసి అన్నీ కలిపేస్తాం. ఆ తరవాత ఏ ఓటు ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చెప్పకూడదు కూడా. ఇంట్లో మొగుడి మాట కాదని వేసినా, పనిలో మేస్త్రీ మాట కాదని వేసినా, ఆ మనిషికి ఉన్న రక్షణ అదొక్కటే.

కార్యదర్శి పదవికి ఇద్దరు నిలబడ్డారు. పాత కార్యదర్శి ఎలక్ట్రీషియన్, శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగినవాడు. మంచివాడే, కాకపోతే ఓడిపోవడం అలవాటు లేదు. అతని గుర్తు బల్బు. రెండో మనిషి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, మియాపూర్‌లో కిరాయికి ఉంటుంది. ఆమె గుర్తు పలక. గుర్తు ఊరికే రాలేదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక బేస్‌మెంటులో తన కింద పనిచేసే ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఎవరి పేరు వాళ్ళు రాసుకోవడం నేర్పేది. "ఇగ బొటనవేలు వత్తుడు బంద్. ఏ కాయిదమిచ్చినా సంతకం పెట్టాలె," అని ఆమె పట్టు. సంతకం పెట్టేవాళ్ళు కాగితంలో ఏముందని కూడా అడగడం మొదలుపెడతారు కదా. కాంట్రాక్టరుకు అది నచ్చలేదు. నగరానికి అటు చివర ఉన్న ఒక గోదాముకు మారుస్తూ ఆమె చేతిలో బదిలీ కాగితం పెట్టాడు. యూనియన్ పదవిలో ఉన్నవాళ్ళను కదిలించకూడదని ఒప్పందం ఉంది కాబట్టి, గెలిస్తే ఇక్కడే ఉంటుంది. ఓడితే ఆ బేస్‌మెంటు చదువు అంతటితో ఆగిపోతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియనట్టు ఉండడమే నా పని.

లెక్కింపుకు ఒక చిన్న ఫంక్షన్ హాలు తీసుకున్నాం. కుర్చీలు సర్దుకోకముందే మొదటి తగాదా వచ్చింది. కొన్ని పెద్ద కవర్ల మూతలు ఉబ్బెత్తుగా, ముడతలు పడి ఉన్నాయి. "ఎవరో ఇప్పి మళ్ళ అంటుపెట్టిన్రు మేడం," అన్నాడు ఎలక్ట్రీషియన్. ఒక కవరు మూత నెమ్మదిగా లేపి చూపించాను. లోపల ఎండిపోయిన అన్నం మెతుకులు. కవర్లకున్న జిగురు పనికిమాలినది, తడిచేస్తే అంటుకోలేదు. జనం ఇంట్లో ఉన్నదానితో అంటించారు. "దీన్ని విప్పి మళ్ళీ అంటించాలంటే అన్నం వండుకుని రావాలండి," అన్నాను. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు.

రెండోది నవ్వులతో పోలేదు. చిన్న కవర్లు విప్పి కాగితాలు తీస్తుంటే, చాలావాటి మీద పైన బుల్లి అక్షరాలతో 'శ్రీ' అని రాసి ఉంది. కొన్నిటి మీద 786, ఒకటి రెండిటి మీద చిన్న శిలువ. పరీక్ష పేపరైనా పచారీ చీటీ అయినా పైన శ్రీ పడందే మనకు పెన్ను కదలదు కదా. ఎలక్ట్రీషియన్ మాత్రం లేచి నిలబడ్డాడు. "టిక్కు తప్ప ఏ రాత ఉండొద్దని మీరే గద చెప్పిన్రు మేడం? ఇవన్ని కొట్టెయ్యాలె." శ్రీలు ఎక్కువగా పలక మీద టిక్కున్న కాగితాల మీదే కనిపిస్తున్నాయని అతను కనిపెట్టాడు.

"అభ్యంతరం రాసివ్వండి," అన్నాను. అక్కడే కూర్చుని రాసిచ్చాడు. చదివాను. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివాను. కాగితం పైన, నట్టనడుమ, సొగసుగా చుట్టిన శ్రీ ఉంది.

"ఇది ఎవరు రాశారండి?"

"నేనే రాసిన మేడం, మీ ముందటనే."

"ఈ శ్రీ చూసి మీరేనని ఎవరైనా పోల్చగలరా? ఈ హాల్లో సగం మంది ఇలాగే రాస్తారు. నేనూ రాస్తాను." నిబంధన పైకి చదివి వినిపించాను. ఓటరు ఎవరో తెలిసేలా గుర్తు గానీ రాత గానీ ఉంటే ఓటు చెల్లదు, అంతవరకే ఉంది అందులో. "రాత ఉన్నంత మాత్రాన ఓటు చెడదు. మనిషి తెలిస్తేనే చెడుతుంది. శ్రీ చెల్లుతుంది, 786 చెల్లుతుంది, శిలువ చెల్లుతుంది. ఇదే నా తీర్పు." అతను చెవి గోక్కుంటూ కూర్చున్నాడు. నా మీద నాకే ముచ్చటేసింది. అంత స్పష్టంగా చెప్పినందుకు ఇంటికెళ్ళి ఒక కప్పు కాఫీ ఎక్కువ తాగొచ్చనుకున్నాను.

ఆ తరవాత కాసేపటికి ఒక కాగితం విప్పాను. పలక మీద టిక్కు. కింద, ఖాళీగా ఉన్న చోట, ఒక పేరు. గట్టిగా ఒత్తి రాసిన పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, ఒక్కోటి విడివిడిగా. నా చెయ్యి దానంతటదే ఆ పేరు మీద పడింది.

అలాంటివి పదకొండు వచ్చాయి, అన్నీ పలక మీద టిక్కున్నవే. కాగితంలో సంతకం పెట్టొద్దని సూచనల్లో పెద్ద అక్షరాలతోనే అచ్చువేయించాను. కానీ వాళ్ళకు వచ్చిన అక్షరాలు వాళ్ళ పేర్లలో ఉన్నవే. సూచనలు వాళ్ళేం చదువుతారు? ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టమని ఒకామె చెప్పింది, పెట్టారు. ఆమె మీద ఉన్న ప్రేమ కొద్దీ ఇంకాస్త శ్రద్ధగా పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదనో తెలియకుండానే. కాసేపటి క్రితం నేను చెప్పిన తీర్పు ఇంకా హాల్లోనే ఉంది. మనిషి తెలిస్తే చెడుతుంది. ఇక్కడ మనిషి పేరుతో సహా తెలుస్తోంది.

పేరు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, టిక్కు మాత్రం కనబడేలా ఒక్కో కాగితమూ చూపించి, "ఓటరు పేరుంది, చెల్లదు," అని పక్కన పెట్టాను. సూపర్‌వైజర్ తరఫున కూర్చున్న సెక్యూరిటీ ఆమె భగ్గుమంది. "ఇదేం న్యాయం మేడం? శ్రీ రాస్తే చెల్లుతది, సొంత పేరు రాస్తే చెల్లదా?"

ఎలక్ట్రీషియన్ కూడా ఊరుకోలేదు. "చెయ్యి తియ్యుండ్రి మేడం. పేరు ఎవరిదో మేం చూడొద్దా? అసలు మా మెంబర్లేనా?"

"మెంబర్లేనని పెద్ద కవర్ల దగ్గరే తేలింది. చెయ్యి తియ్యను. కావాలంటే నన్ను తీసేయండి," అన్నాను. నా గొంతు హాలు బయటికి వినబడి ఉంటుంది.

వెనక వరసలో కూర్చున్న సూపర్‌వైజర్ లేచి ముందుకు వచ్చింది. తన మనిషి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "గమ్మునుండు. లొల్లి చేస్తే ఆ పేర్లు బయటికొస్తయి. రేపటి నుంచి వాళ్ళ బతుకు పరేషాన్." నా వైపు తిరిగి, "ఆ ఓట్లు కొట్టెయ్యుండ్రి మేడం. నేను ఒప్పుకున్న. కవర్ల పెట్టి సీలెయ్యుండ్రి," అంది.

ఎలక్ట్రీషియన్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. "పేర్లు నాకు కూడ ఒద్దు తియ్యి," అని కూర్చున్నాడు.

సీలు వేశాం. ఆఖరి లెక్కలో ఆమె నాలుగు ఓట్లతో ఓడిపోయింది. ఆ తేడా మారుతుందేమోనని రెండుసార్లు కూడి చూశాను, దాచను. అయినా మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చోబెడితే మళ్ళీ అదే తీర్పు ఇస్తాను. నాకు నచ్చిన మనిషి కోసం నిబంధనను ఒక్కసారి వంచితే, రేపు ఇంకెవరో నచ్చనివాళ్ళ మీదికి వంచుతారు.

అందరూ వెళ్ళాక ఆమె హాలు మెట్ల మీద నా కోసం ఆగి ఉంది. నన్ను నాలుగు మాటలంటుందేమోనని సిద్ధపడే వెళ్ళాను.

"మేడం, జర ఒక్క మాట. పేర్లు అడగను. అక్షరాలు మంచిగొచ్చినయా?"

ఒకామె పేరులో దీర్ఘం మరిచిపోయింది. ఇంకొకామె ఒత్తును అక్షరానికి తగిలించకుండా పక్కన పెట్టింది. చెబుదామని నోరు తెరిచాను కూడా. వాళ్ళకు నేర్పిన మనిషికి, ఆ ఒక్క తప్పు చెబితే చాలు, ఎవరి ఓటో తెలిసిపోతుంది. మింగేశాను.

"ఒక్క తప్పు లేదమ్మా. అందరివీ ముత్యాల్లా ఉన్నాయి," అన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎన్నికల బల్ల దగ్గర నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "గట్లయితే చాలు మేడం," అని మియాపూర్ బస్సు కోసం రోడ్డు దాటింది.