అక్క కుట్టిన కాలర్

వర్లిలో ఆఫీసు ఉద్యోగం వచ్చిందని చెప్పిన వారానికి అక్క నాకో చొక్కా కొనుక్కొచ్చింది. లేత నీలం మీద సన్నని గీతలు. కొలత తీసి కుట్టినట్టుంది. నేను మాత్రం ముందు కాలర్ తిప్పి చూశాను. లోపల పేరున్న కంపెనీది కాదు, మాల్‌లో అక్క కొన్న దుకాణం తన బట్టలకు వేసుకునే సొంత లేబుల్ ఉంది.

"ఇది దుకాణపోళ్ల లేబులే గదక్కా. ఆఫీసుల చూస్తే నవ్వుతరు."

"కాలర్ లోపట ఎవరు చూస్తరు తమ్మీ? నీ మెడ ఇరిచి చూస్తరా?"

అప్పటికి నాకే పేరు లేదు. చొక్కాకైనా ఉంటే బాగుండుననుకున్నాను. కాలరెగరేద్దామని బయల్దేరినవాణ్ణి, దాని లోపలి వేలెడు గుడ్డముక్కకు బెదిరిపోయాను.

మా కామాటిపుర గల్లీల్లో కుట్టు కార్ఖానాలకు కొదవ లేదు. అక్క కాలర్లు కుట్టేది అలాంటిదాంట్లోనే. ఒకే మిషన్ కింద పొద్దున ఒక దుకాణం చొక్కాలు, మధ్యాహ్నం మరో దుకాణానివి నడవడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణే. అయినా నాకు తోచిన ఉపాయం ఇది: చిరిగిన పాత చొక్కాలో ఉన్న పెద్ద కంపెనీ లేబుల్ విప్పి, దీనికి కుట్టిమ్మన్నాను. ఇంట్లో చేయి తిరిగిన మనిషి లేనివాడికి ఇంత తెలివి పుట్టదు.

అక్క చొక్కా అందుకుంది. "కుట్టాల్నా?" అంది. తలూపాను. కిటికీ దగ్గర కూర్చుని, బ్లేడుతో ఒక్కో పోగూ తెంపి, పది నిమిషాల్లో మార్చి ఇచ్చింది.

మర్నాడు ఆ చొక్కా వేసుకుని మా ఒంటిగది ఖోలీల వరండాలో నడుస్తుంటే, పక్క ఖోలీ చిన్నమ్మ నల్లా దగ్గర ఆపింది. అక్క కార్ఖానాలోనే కాజాలు కుట్టే మనిషి.

"మంచిగున్నది బిడ్డా. మీ అక్క కుట్టిన కాలరే గదా. కార్ఖానాల పీసు ఊకెనే ఇస్తమన్నా వద్దన్నది. మా తమ్మి దుకాణంల కొన్నదే ఏసుకోవాలె అని నన్ను మాల్ అంతా తిప్పింది. మూలకు ఒక కుట్టు ఎక్కువేస్తది చూడు, అది చూసి తనదే అని పట్టింది. ఇంటికొచ్చేదాంక నవ్వుతనే ఉన్నది."

నేను మళ్లీ ఖోలీలోకి వెళ్లాను. అక్క టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"ఆ లేబుల్ ఉన్నదా అక్కా? మల్ల కుట్టియ్యి."

సూదుల డబ్బాలోంచి తీసి చూపించింది. పారేయలేదు.

"వద్దులే తమ్మీ. ఆడ రెండుసార్లు సూది పడ్డది. ఇంకోసారి పెడితే బట్ట పిగులుతది. పో, ఆలస్యమైతది."

ఇప్పుడు మా ఆఫీసులో సగంమంది ఆ దుకాణం బట్టలే తొడుగుతున్నారు. పెట్టిన డబ్బుకు తగ్గ బట్ట అని నాకే పాఠం చెబుతారు. నేనూ వెళ్తుంటాను. అక్క చూపు తగ్గి, కాలర్లు మానేసి చాలా కాలమైంది. అది తెలిసీ హ్యాంగర్ల ముందు నిలబడి, ఒక్కో కాలర్ మూల దగ్గరికి తెచ్చుకుని చూస్తాను. అక్కడి సేల్స్ అమ్మాయి, లేబుల్ లోపలుంటుంది సార్ అని హిందీలో చెబుతుంది.

తెలుసంటాను.