డబ్బా మీద మారని చీటీ

లిఫ్టుల మరమ్మతు కంపెనీలో ఆమెను అందరూ సర్వరమ్మ అనేవాళ్లు. కంప్యూటర్ల గదిలో కూర్చునేది ఆమె ఒక్కతే. సర్వర్ ఆగిందంటే ముందు ఆమెకే కబురు. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు పదిహేనేళ్లలో అసలు పేరును మింగేసింది.

ఆ ఉద్యోగం ఇప్పించింది మామగారే. ఆయన అదే కంపెనీలో ముప్పై ఎనిమిదేళ్లు మెకానిక్. ఊళ్లో పాత లిఫ్టుల్లో సగానికి పైగా ఆయన చేతుల మీదుగా లేచినవే. వాటిలో కొన్నింటికి పుస్తకాలు లేవు, తయారుచేసిన కంపెనీలూ లేవు. ఏ భవనంలో ఏ తీగ ఎటు పోతుందో ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. రిటైరయ్యాక కూడా మెకానిక్కులు ఆయనకు ఫోన్లు చేస్తూనే ఉండేవాళ్లు. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నా సరే, ఎడమచేత్తో ఫోను పట్టుకుని ఓపిగ్గా చెప్పేవాడు. పెళ్లికూతురి గుణగణాలు చెప్పినట్టు ఒక్కో లిఫ్టు గుణం చెబుతుంటే ఇంట్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు.

తరువాత ఆ ఫోన్లలో తేడా రావడం మొదలైంది. చెప్పిందే చెప్పడం, సుత్తిని పట్టుకారు అనడం. డాక్టరు చూసి మతిమరుపు జబ్బన్నాడు, పెరగడమే తప్ప తగ్గదన్నాడు. ఆ మాట చెవిన పడ్డ వారానికే మేనేజరు సర్వరమ్మను పిలిచాడు.

"పెద్దాయనకు తెలిసినవన్నీ రికార్డు చెయ్యమ్మా. వాటితో ఏఐ అసిస్టెంట్ ఒకటి తయారుచెయ్యి. మనవాళ్లు ఫోన్లో అడిగితే అది చెప్పాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా."

మనిషి ఎదురుగా తిరుగుతుండగానే కొడిగడుతున్న దీపం లెక్కలో వేసేశాడు. ఆమెకు ఆ మాట ముల్లులా దిగింది. అయినా అతనన్నది అబద్ధం కాదు కనక సరేనంది.

తొమ్మిది నెలలపాటు రోజూ సాయంత్రం గంటసేపు కూర్చున్నారు. ఆమె భర్త ప్రెస్సులో షిఫ్టుల మనిషి. ఇంట్లో చాలా సాయంత్రాలు వాళ్లిద్దరే. ఆమె ఒక భవనం పేరు చెప్పేది, ఆయన కళ్లు మూసుకుని ఆ మెషిన్ రూములోకి వెళ్లిపోయేవాడు. ఆ గంటసేపూ జబ్బు గుర్తొచ్చేది కాదు ఇద్దరికీ.

"ఏం కోడలా, నన్ను డబ్బాలో పెడుతున్నావంటగా?" అన్నాడొకరోజు.

అదీ నిజమే. ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామానూ, మామగారి మాటలనూ కలిపి ఆమె ఒక కంటైనర్‌గా కడుతోంది. డబ్బా అంటే సరిపోతుంది. ఒకసారి మూత బిగించి, పేరు చీటీ అంటించాక ఎక్కడ దించినా ఒకేలా పనిచేస్తుంది.

"అందులో ఊపిరాడుతుందా?"

"మీకేం మామయ్యా, హాయిగా ఆడుతుంది. మోసే నాకే ఆడట్లేదు."

ఆ డబ్బా నడవాల్సింది కంపెనీ గదిలో కాదు, కంప్యూటర్లు అద్దెకిచ్చే ఒక క్లౌడ్ సంస్థలో. మొదటిరోజు అక్కడికి ఎక్కించగానే మెమరీ చాలక నిమిషంలో చచ్చిపోయింది. రెండోరోజు ఇంకో తంటా. డబ్బా బతికుందో లేదో చూడటానికి ఆ సంస్థ ఒక నంబరు తలుపు తడుతోంది, లోపలి ప్రోగ్రాము వేరే నంబరు తలుపు దగ్గర చెవొగ్గి కూర్చుంది. జవాబు రాకపోయేసరికి చంపడం, మళ్లీ లేపడం, మళ్లీ చంపడం. ఆమె తలుపు నంబరు మార్చింది. మూడోరోజు తెర మీద పచ్చగుర్తు వెలిగింది.

మెకానిక్కులకు అది వెంటనే నచ్చింది. అందరికంటే ఎక్కువగా వాడింది గ్రీజు బావ. చొక్కాకు ఎప్పుడూ గ్రీజు మరక ఉండే నలభై ఆరేళ్ల మనిషి, పని మొత్తం మామగారి దగ్గరే నేర్చుకున్నాడు. ఆయన్ని గురువుగారూ అని, ఆమెను వదినా అని పిలిచేవాడు. "నలభైసార్లు అడిగా వదినా, ఒక్కసారి కూడా తప్పలేదు" అన్నాడు రెండో నెలలో.

ఆ మరుసటి వారమే ఆమెకు తప్పు దొరికింది.

పాత రికార్డింగులు మళ్లీ వింటోంది. మొదటి నెలలో మామగారు గ్రంథాలయం లిఫ్టుల గురించి చెప్పిన సంగతి అది. అక్కడ పక్కపక్కన రెండు లిఫ్టులు. గోడకు రెండు స్విచ్చులు. ఎప్పుడో గోడ చెమ్మ పట్టినప్పుడు తీగలు అటూ ఇటూ మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచీ కుడి స్విచ్చు ఆపేస్తే ఆగేది ఎడమ లిఫ్టు. ఏడో నెలలో అదే కథను ఆయన కళ్ల ఆసుపత్రి లిఫ్టులదిగా చెప్పాడు. అప్పుడు ఆమె గమనించలేదు. డబ్బాలో రెండూ చేరాయి.

ఆ పూటే ఆమె కళ్ల ఆసుపత్రి పైనున్న మెషిన్ రూముకెక్కి చూసింది. అక్కడ స్విచ్చులు సవ్యంగానే ఉన్నాయి. పరుగున వచ్చి ఆ భాగం తీసేసింది, డబ్బా కొత్తగా కట్టింది, క్లౌడ్‌కు ఎక్కించింది. పచ్చగుర్తు వెలిగింది. ఇక మిగిలిందల్లా ఒక్క ప్రశ్న వేసి, దిద్దిన జవాబే వస్తోందో లేదో చూసుకోవడం.

అంతలో ఫోను మోగింది. ఎదురింటావిడ.

"అమ్మాయ్, తొందరగా రా. మీ మామగారు లిఫ్టులో ఉండిపోయారు. బయటికి రమ్మంటే రావట్లేదు."

ఆమె వెళ్లేసరికి ఆయన లిఫ్టులో నేల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, పైకి పోవడం, కిందికి రావడం. రెండు గంటలుగా అలాగే తిరుగుతున్నాడట. లుంగీ తడిసి ఉంది.

"మన అంతస్తు ఏదో చెప్పడం లేదమ్మా ఇది" అన్నాడు, లిఫ్టు మీద చాడీ చెబుతున్నట్టు.

"మూడోది మామయ్యా. రండి, నేనున్నాగా."

స్నానం చేయించి, పడుకోబెట్టి, పక్కనే కూర్చుంది. వేయాల్సిన ఆ ఒక్క ప్రశ్న ఆ సాయంత్రం గుర్తుకు రాలేదు. మర్నాడూ రాలేదు.

నాలుగోరోజు పదకొండింటికి కబురొచ్చింది. గ్రీజు బావ కళ్ల ఆసుపత్రిలో ఎడమ లిఫ్టు బాగుచేస్తూ అసిస్టెంటును అడిగాడు. కుడి స్విచ్చు ఆపమంది. ఆపి, లిఫ్టు తాడు తిరిగే చక్రంలో చెయ్యి పెట్టాడు. మూడో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు, చక్రం తిరిగింది. రెండు వేళ్లు పోయాయి.

ఆమె తెర ముందు కూర్చుని అదే ప్రశ్న వేసింది. పాత జవాబే వచ్చింది. కారణం తెలియడానికి పావుగంట కూడా పట్టలేదు. కొత్త డబ్బా కట్టిందే గానీ, దాని చీటీ మీద పాత పేరే ఉంచింది. ఆ పేరు గల డబ్బా తన దగ్గర ఉందిలే అనుకుని క్లౌడ్ యంత్రం పాతదాన్నే మళ్లీ లేపింది. పచ్చగుర్తు చెప్పింది డబ్బా నడుస్తోందని మాత్రమే, ఏ డబ్బా అన్నది కాదు.

మేనేజరు తలుపు వేసి మాట్లాడాడు.

"చూడమ్మా, పెద్దాయన తప్పు చెప్పాడని రాసిచ్చెయ్యి. ఆయన్ని ఇప్పుడెవరేం చేస్తారు? ఆయనకైతే గుర్తు కూడా ఉండదు."

"గుర్తుండదని ఆయన మీద రాయమంటారా?"

"నీ మంచికే చెప్తున్నా."

ఆమె రెండే రెండు వాక్యాలు రాసింది. తప్పు కనిపెట్టి దిద్దాను. దిద్దినది నడుస్తోందో లేదో చూసుకోలేదు. కింద సంతకం పెట్టి, మేనేజరు బల్ల మీద ఉంచి వచ్చింది.

గ్రీజు బావను చూడటానికి ఆమె మూడు రోజులు వెళ్లలేదు. నాలుగోరోజు వెళితే అతను కట్టు కట్టిన చేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

"ఊరుకో వదినా. ఏడిస్తే మొలుస్తాయా ఏంటి?"

"నువ్వు ఎప్పుడూ టెస్టర్ పెట్టి చూసుకుంటావు కదా. ఆరోజెందుకు చూసుకోలేదు?"

"అది యంత్రంలా చెప్పదు వదినా. అచ్చం గురువుగారి మాటే. ఆయన పక్కన నిలబడి చెప్తుంటే టెస్టర్ ఎవడు తీస్తాడు? అయినా ఆయనైతే చివర్లో ఒక మాట అనేవారు. 'నన్ను నమ్మకు, కరెంటును చూసుకో' అని. ప్రతిసారీ అనేవారు. ఇదెందుకో అనదు."

ప్రతి జవాబు చివరా వస్తోందని, వినేవాళ్లకు విసుగని, ఆ వాక్యాన్ని రికార్డింగులన్నిటిలోంచీ ఏరి తీసేసింది ఆమే. ఆ సంగతి అతనికి అప్పుడు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మామగారికి మాత్రం చెప్పింది. ఒక ఉదయం ఆయన తేటగా కనిపించినప్పుడు, మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. ఆయన విని, తన రెండు చేతులూ ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. "వాడు తినాల్సిన అన్నం కూడా ఆ చేత్తోనే కదమ్మా సంపాదించాలి" అన్నాడు. మధ్యాహ్నం దాకా ముద్ద ముట్టలేదు. సాయంత్రానికి అంతా మరిచిపోయి, "గ్రీజుగాడు ఈమధ్య రావట్లేదేం?" అని అడిగాడు. మళ్లీ చెబితే మళ్లీ మొదటిసారి విన్నట్టే కుమిలిపోతాడు. "పని ఎక్కువైందిట మామయ్యా" అంది. అప్పటినుంచీ రోజుకు రెండుసార్లు ఆ అబద్ధం ఆడుతూనే ఉంది.

రెండు నెలల తరువాత గ్రీజు బావ తనే వచ్చాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని, తిప్పి చూసి, "వేళ్లేవిరా?" అన్నాడు.

"పోయాయి గురువుగారూ."

"ఎవడ్రా నీకు పని నేర్పింది? బుద్ధుందా వాడికి?"

ఆమె వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడిపోయింది. గ్రీజు బావ తల వంచుకుని, "వాడు బాగానే నేర్పాడండీ. నాదే పొరపాటు" అన్నాడు. పెద్దాయన అతన్ని చాలాసేపు తిట్టాడు. పాత రోజుల్లో తిట్టినట్టే, ఒక్క మాట తడబడకుండా తిట్టాడు. అతను అన్నీ పడ్డాడు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "ఇంకా ఎంత గట్టిగా తిడతారో చూశావా వదినా" అన్నాడు. కళ్లు మాత్రం ఎత్తలేదు.

కంపెనీ అతన్ని సామాన్ల గదికి మార్చింది. అసిస్టెంటును నెలరోజులు ఆపి, చీటీ పేర్లు సరిచేసి, మళ్లీ ఎక్కించారు. ఆమె ఉద్యోగం తీసేయలేదు. తనే అడిగి, కింది అంతస్తులో ఫిర్యాదుల ఫోన్ల దగ్గరికి మారింది. కంప్యూటర్ల గదికి కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మాయికి తాళాలూ, పాస్‌వర్డులూ అప్పగించి, ఏ డబ్బా ఎలా ఎక్కించాలో ఒక పూటంతా కూర్చుని చూపించింది. ప్రమాదం సంగతి విని ఆ అమ్మాయి, "ఒక్క చీటీ పేరు మార్చకపోతేనా అక్కా ఇంత అయింది?" అంది.

"ఆఁ, అంతే" అని, తను ఏరి తీసేసిన వాక్యం సంగతి ఎత్తకుండా, కుర్చీ వెనక తగిలించిన స్వెట్టరు తీసుకుని, మెట్లు దిగి కిందికి వచ్చేసింది. అప్పటికే అక్కడ ఫోను మోగుతోంది.